ఎగువ ఊరు – దిగువ ఊరు

కామారెడ్డి జిల్లా పడమటి అంచున, మహారాష్ట్రపు సరిహద్దు సమీపమున, మద్నూరు అను ఊరు కలదు. ఇది బాన్సువాడ రెవెన్యూ డివిజనులోనిది. ఈ ఊరి అంగడిలో కొంతసేపు నిలిచినవారికి తెలుగుతోపాటు మరాఠీ, కన్నడ భాషలును చెవిని బడును. చుట్టునున్న నేల నల్లరేగడి. ఆ నేలలో ప్రత్తి విరివిగా పండును. పంట చేతికి వచ్చు దినములలో ప్రత్తి బండ్లు అంగడి త్రోవపట్టును. గింజ తీయు మిల్లులు సందడిగా నుండును. మూడు భాషలు మాటలాడు జనులు ఇచ్చట కలిసిమెలిసి బ్రతుకుచున్నారు. వారి మాటలు వేరైనను, వారి ప్రాంతమునకు ప్రాణాధారమైన యేరు మాత్రము ఒక్కటే. అది మంజీర.

మంజీర మహారాష్ట్రలోని బీడు జిల్లాలో, బాలాఘాటు కొండలలో పుట్టును. అచ్చటినుండి తూర్పుగా సాగి, కర్ణాటకములోని బీదరు జిల్లాను తాకి, తెలంగాణములో ప్రవేశించును. సంగారెడ్డి, మెదకు జిల్లాలను దాటి, 1931లో పూర్తియైన నిజాంసాగరము నింపి, పిమ్మట ఉత్తరముగా తిరిగి ఈ సరిహద్దు ప్రాంతమునకు వచ్చును. తుదకు కందకుర్తి యొద్ద గోదావరిలో కలియును. దీని పొడవు సుమారు 724 కిలోమీటర్లు. ఇన్ని ఊళ్ళను చూచి వచ్చిన యేరు ఆయా ఊళ్ళవారు తనకిచ్చిన దానినెల్ల మోసికొనియే వచ్చును. పైరుచేల ఒండ్రును, వీధుల మురుగును, కర్మాగారముల వ్యర్థమును అది వేరుచేసి చూడదు. ఇచ్చినది పుచ్చుకొని దిగువవారికి అందించును.

కావున ఏటి ఒడ్డున నున్న ప్రతి యూరికిని ఎగువన ఒక ఊరు కలదు. దిగువన మరియొక ఊరు కలదు. ఎగువవారు చేసిన పనికి దిగువవారు ఫలమనుభవింతురు. దిగువవాడు నీటిని చూచి నిట్టూర్చును గాని, తన ఊరి మురుగుకాలువ ఎచ్చటికి పోవుచున్నదో విచారింపడు. నీటి కాలుష్యమను సమస్యకు మూలము ఈ మరపే. ఈ మరపును పోగొట్టుటకు గొప్ప యంత్రములు అక్కరలేదు. చూడనేర్చిన కన్నులు, కొలది పాటి వస్తువులు, విడువని ఓపిక ఉన్న చాలును. నీరు చెడినదో లేదో తెలిసికొనుటకును, చెడిన నీటిని కొంతవరకు బాగుచేయుటకును ప్రకృతియే కొన్ని సాధనములను మనుష్యుల చేతికిచ్చినది.

మొదట నీరు చెడుట యనగానేమో తెలియవలెను. నీటిలో కలియు మాలిన్యము ముఖ్యముగా మూడు విధములు. మొదటిది కుళ్ళు పదార్థము. ఇండ్ల మురుగు, పశువుల పేడ, కుళ్ళిన ఆకులు, చచ్చిన జంతువులు ఈ జాతికి చేరినవి. రెండవది పైరులకు బలమిచ్చు నత్రజని, భాస్వరములు మితిమీరి నీటిలో చేరుట. పొలములలో చల్లిన ఎరువులును, బట్టలుతుకు పొడులును వీనిని తెచ్చును. మూడవది విషము. పురుగుమందులు, కర్మాగారముల రసాయనములు, సీసము పాదరసము వంటి లోహములు ఈ తెగలోనివి. ఈ మూడింటికిని మందు ఒకటి కాదు. ఈ భేదము తెలియక చేసిన చికిత్స వ్యర్థమగును.

కుళ్ళు పదార్థము నీటినెట్లు చెరుచును? నీటిలో కొంత ప్రాణవాయువు కరగి యుండును. చేపలు పీల్చునది ఈ వాయువునే. గాలిలో దాదాపు ఐదవవంతు ప్రాణవాయువే. నీటిలో నుండునది మిక్కిలి స్వల్పము. 25 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో లీటరు నీటిలో సుమారు 8 మిల్లీగ్రాములు మాత్రమే కరగగలదు. కుళ్ళు నీటిలో పడగానే కంటికి కానరాని సూక్ష్మజీవులు దానిని తినివేయ మొదలిడును. తినునపుడు అవియును ప్రాణవాయువును పీల్చును. కుళ్ళు ఎంత హెచ్చైన సూక్ష్మజీవులు అంత పెరుగును. అవి పెరిగినకొలది ప్రాణవాయువు తరుగును. అప్పుడు చేపలు తెల్లవారుజామున నీటిపైకి వచ్చి నోళ్ళు తెరచుచుండును. చూచువారు చేపలు ఆడుచున్నవని తలంతురు. నిజమునకు అవి ఊపిరికై తల్లడిల్లుచున్నవి. స్నానమునకు తగిన నీటిలో లీటరునకు 5 మిల్లీగ్రాములకు తక్కువ గాకుండ ప్రాణవాయువుండవలెనని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నిర్ణయించినది. ఈ మండలి 1974 నాటి జలకాలుష్య నివారణ చట్టముననుసరించి యేర్పడినది.

ఇక నీటి స్థితిని తెలిసికొను తేలిక మార్గములు కొన్ని కలవు. వానిలో మొదటిది నీటి తేటదనమును కొలుచుట. 1865వ సంవత్సరమున ఇటలీ దేశములో ఆంజెలో సెక్కీ అను మతాచార్యుడు ఉండెను. ఆయన ఖగోళశాస్త్రమునందును ప్రవీణుడు. ఒక ఓడపైనుండి మధ్యధరా సముద్రములోనికి తెల్లని బిళ్ళను త్రాటితో దించి, అది ఎంత లోతున కనుమరుగగునో ఆయన కొలిచెను. ఈనాటికిని సరస్సులను పరీక్షించు శాస్త్రజ్ఞులు ఆ బిళ్ళనే వాడుచున్నారు. దీనిని చేయుటకు ఒక పాత డబ్బా మూత, కొంచెము తెల్లరంగు, క్రింద కట్టుటకు ఒక రాయి, జానకొక ముడి వేసిన త్రాడు చాలును. బిళ్ళ కనబడకుండ పోయిన చోట ఎన్ని ముడులు మునిగినవో లెక్కించి వ్రాసికొనవలెను. లోతులేని వాగులలో ఇట్లు చేయ వీలులేదు. అచ్చట గాజుసీసాలో నీరు నింపి, వెనుక అచ్చుకాగితము పట్టి, అక్షరములు కనబడుచున్నవో లేదో చూచిన చాలును.

రెండవ పరీక్షకు సాధనము వంటయింటిలోనే యున్నది. పసుపునకు సున్నము తగిలిన ఎర్రనగునని తెలియని తెలుగు ఇల్లాలు లేదు. పెండ్లిండ్లలో పాదములకు పెట్టు పారాణి అట్లు పుట్టినదే. సున్నము, చాకలిసోడా వంటి వస్తువులకు క్షారములని పేరు. పసుపు నీటిలో తడిపి ఆరబెట్టిన తెల్లకాగితమును నీటిలో ముంచినపుడు అది ఎర్రబడినచో, ఆ నీటిలో క్షారము మిక్కుటముగా నున్నదని తెలియును. ఆమ్లమును గుర్తించుటకు పసుపు పనికిరాదు. దానికి ఎర్రమందారము కావలెను. మందారపు రేకులను కాగితముపై రుద్ది ఆరనిచ్చిన యెడల ఆ కాగితము నిమ్మరసము వంటి ఆమ్లము తగిలినపుడు గులాబి యెరుపునకును, క్షారము తగిలినపుడు ఆకుపచ్చకును మారును. మంచి నీటిలో దాని రంగు అంతగా మారదు. చిన్న తేడాలను ఈ కాగితములు చెప్పలేవు. ఐనను ఏదో కర్మాగారపు నీరు హఠాత్తుగా వాగులో విడువబడిన దినమున ఇవి హెచ్చరికగా పనిచేయును.

మూడవ పరీక్ష అన్నిటికంటె విలువైనది. అది నీటిలోని చిన్నజీవుల సాక్ష్యము. రసాయన పరీక్ష ఆ క్షణమున నీరెట్లున్నదో చెప్పును. నిన్న రాత్రి ఎవరో దొంగతనముగా విడిచిన మురుగు నేటికి కొట్టుకొనిపోయి యుండవచ్చును. వాగు అడుగున నెలల తరబడి బ్రతుకు పురుగు మాత్రము ఆ రాత్రిని కూడ చూచినది. దానికి సరిపడని నీరు వచ్చిన అది చచ్చును. అది కానరాకపోవుటయే దాని సాక్ష్యము. ఈ తత్త్వమును ఆధారము చేసికొని జర్మనీలో కోల్క్విట్జ్, మార్సన్ అను శాస్త్రజ్ఞులిద్దరు ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో జీవులనుబట్టి నీటి స్థితిని నిర్ణయించు పద్ధతిని ఏర్పరచిరి.

పారునీటిలోని రాయినొకదానిని మెల్లగా తిరుగవేసి చూచినచో ఈ సాక్షులు కనబడుదురు. రాతికి అంటుకొని, తోకవలె రెండు మూడు సన్నని పోచలు గల చదునైన చిన్నపురుగులు కొన్ని యుండును. వానికి శరీరపు ప్రక్కలనే మొప్పలుండును. ఇసుకరేణువులతోను పుల్లలతోను చిన్నగూడు కట్టుకొని అందులో దాగియుండు పురుగులు మరికొన్ని. ఈ రెండు జాతులకును ప్రాణవాయువు సమృద్ధిగా కావలెను. ఇవి యున్న నీరు సామాన్యముగా మంచిది. తూనీగ పిల్లలు, నత్తలు నడిమితరగతివి. ఇవి కొంత మురుగును ఓర్చుకొనగలవు. బురదలో ఎర్రని దారములవలె కదలు పురుగులు తప్ప మరేమియు కానరానిచో నీరు మిక్కిలి చెడినదని తెలియవలెను. వాని యెర్రదనమునకు కారణము మనుష్యుల రక్తములోని యెర్రదనమునకు కారణమైన హీమోగ్లోబిన్ జాతి పదార్థమే. ఆ పదార్థముండుటచేతనే, నీటిలో ప్రాణవాయువు కొరవడినను అవి బ్రతుకగలుగుచున్నవి.

ఒక పరీక్షతో తీర్పు చెప్పరాదు. ఊరి మురుగుకాలువ వాగులో కలియు చోటికి ఎగువన ఒకమారు, దిగువన ఒకమారు చూడవలెను. ఎగువన మూడు తోకల పురుగులుండి, దిగువన ఎర్రపురుగులే యున్నచో, ఆ నడుమ ఏమి జరిగినదో చెప్పుటకు న్యాయవాది యక్కరలేదు. తేది, స్థలము, నీటి రంగు, వాసన, బిళ్ళ కనబడిన లోతు, కాగితపు రంగు, కనబడిన జీవులు—ఇన్నింటిని ఒక నోటుపుస్తకములో నెలకొకసారి వ్రాసి యుంచిన యెడల ఏడాదికి అది ఆ వాగు జాతకమగును. ఈ పని పిల్లలు ఒంటరిగా చేయరాదు. పెద్దలు తోడుండగా, మోకాలిలోతు మించని చోటనే దిగవలెను. తరువాత సబ్బుతో చేతులు కడుగుకొనవలెను.

నీటి స్థితి తెలిసిన పిమ్మట దానిని బాగుచేయు మార్గమేది? తెలుగునాట పెరటిలో నీళ్ళు పారు చోట అరటిని, చేమను నాటుట ప్రాతకాలపు అలవాటు. వాడిన నీరు వీధికెక్కక మొక్కకు ఆహారమగుచుండెను. ఈ చిన్న అలవాటులోనే ఒక గొప్ప శాస్త్రము ఇమిడి యున్నది. 1950 తరువాతి సంవత్సరములలో జర్మనీలో కేతే జైడెల్ అను శాస్త్రవేత్త నీటిమొక్కలను మురుగునీటిలో పెంచి, అవి ఆ నీటిని శుద్ధిచేయుటను పరీక్షించి చూపెను. అప్పటినుండి ప్రపంచమున అనేక దేశములలో జమ్ము, తుంగ, రెల్లు నాటిన కృత్రిమపు చిత్తడి మడులు వెలసినవి.

ఈ మడిని కట్టుట కష్టము కాదు. మురుగునీరు మొదట ఒక గుంటలో నిలిచి తన బరువైన మడ్డిని దించుకొనవలెను. పిమ్మట అది కంకరరాళ్ళు పరచిన మడిలో మెల్లమెల్లగా ప్రాకవలెను. కంకరలో జమ్ము, మెట్టతామర, వట్టివేళ్ళ గడ్డి మొదలగు మొక్కలుండును. నీరు ఆ మడిని దాటుటకు ఒకటి రెండు దినములకు తక్కువ పట్టరాదు. ఈలోపల మూడు పనులు జరుగును. కంకర మడ్డిని వడకట్టును. కంకరకును వేళ్ళకును అంటియుండు సూక్ష్మజీవులు కుళ్ళును తినివేయును. జమ్ము వంటి మొక్కలు ఆకులనుండి వేళ్ళదాక గాలిని పంపి ఆ సూక్ష్మజీవులకు ప్రాణవాయువు నందించును. నత్రజని భాస్వరములలో కొంత మొక్కలే పీల్చుకొని పెరుగును. విద్యుచ్ఛక్తి యక్కరలేదు, పల్లమే నీటిని నడపును. ఐతే మొక్కలను అప్పుడప్పుడు కోసి తీసివేయవలెను. కోయక విడిచిన యెడల అవి అచ్చటనే కుళ్ళి, తీసికొన్నదానిని మరల నీటికే యిచ్చును. గుర్రపుడెక్క విషయమున మనుష్యులు చేయు పొరపాటు ఇదియే. అది మలినమును పీల్చుకొనుట నిజము. కాని తీసివేయకున్న చెరువునంతయు కప్పి ఊపిరాడనీయకుండ చేయును.

ఇట్టి ప్రయత్నములు తెలంగాణములోనే జరిగినవి. పటాన్‌చెరువులో 1972వ సంవత్సరమున ఇక్రిశాట్ అను అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ నెలకొనెను. ఆ సంస్థవారు రంగారెడ్డి జిల్లాలోని కొత్తపల్లి గ్రామమున ఇండ్ల మురుగునీటిని నీటిమొక్కల మడిలో శుద్ధిచేసి, ఆ నీటిని పంటలకు వాడుకొను విధానమును పరీక్షించిరి. హైదరాబాదు నగరపు పడమటి ప్రక్కనున్న నెక్నాంపూరు చెరువులో 2018 ఫిబ్రవరి 2వ తేదీన, ప్రపంచ చిత్తడినేలల దినమున, తేలియాడు తోట యొకటి నీటిలో విడువబడెను. ధ్రువాంశ్ అను స్వచ్ఛంద సంస్థ పూనికతో, ప్రభుత్వ సంస్థల తోడ్పాటుతో ఆ పని జరిగినది. దాని వైశాల్యము 3000 చదరపు అడుగులు. అడుగున వెదురు, దానిపై తేలిక బెండు, ఆపైన గోనెపట్టలు, అన్నిటిపైన గులకరాళ్ళు. వానిలో వట్టివేళ్ళ గడ్డి, మెట్టతామర, జమ్ము మొదలైన మొక్కలను నాటిరి. వేళ్ళు నీటిలోనికి వ్రేలాడి మలినమును పట్టుచుండెను. చవుకైన వస్తువులతోనే చెరువు వైద్యమునకు పూనుకొనవచ్చునని ఆ తోట చూపినది.

త్రాగునీటిని తేర్చుటకును ప్రాతకాలమునుండి ఒక చెట్టు సాయమున్నది. దాని గింజకు ఇందుపగింజ యనియు, చిల్లగింజ యనియు పేరు. వానకాలమున ఏటినుండి తెచ్చిన ఎర్రనీటిని కుండలో పోయుటకు ముందు, కుండ లోపల ఈ గింజను అరగదీసెడివారు. కొంతసేపటికి బురద అడుగునకు దిగి నీరు తేరెడిది. మునగగింజల పొడియు ఇట్టిదే. బురదరేణువులు ఒకదానినొకటి త్రోసికొనుచు నీటిలో తేలుచుండును. గింజలోని పదార్థములు వానిని ఒకచోట చేర్చి పెద్ద తునుకలుగా చేయుటచే అవి బరువెక్కి మునుగును. సూక్ష్మజీవులును కొంతవరకు తగ్గును. కాని పూర్తిగా పోవు. కావున తేరిన నీటిని కాచియే త్రాగవలెను. తేటనీరెల్ల మంచినీరు కాదు.

తేటనీరెల్ల మంచినీరు కాదను మాటకు పెద్ద సాక్ష్యము మంజీరకు ఎగువనే కలదు. సంగారెడ్డి జిల్లాలో నక్కవాగు అను చిన్న యేరు పటాన్‌చెరువు ప్రాంతమునుండి పారి మంజీరలో కలియును. 1970 తరువాత ఆ ప్రాంతమున మందులు, రసాయనములు చేయు కర్మాగారములు అనేకము వెలసెను. వాని వ్యర్థజలము వాగును, చెరువులను, బావులను చెరిచెను. పొలములు పాడయ్యెను. పశువులకు నీరు లేకపోయెను. ఊళ్ళవారు మొరపెట్టిరి, ప్రజావైద్యులును స్వచ్ఛంద సేవకులును వారికి తోడైరి. 1990వ సంవత్సరమున వ్యాజ్యము సుప్రీంకోర్టునకెక్కెను. నష్టపోయిన రైతులకు పరిహారమిప్పించు ఉత్తర్వులు వెలువడెను. కర్మాగారముల నీటిని ఒకచోట చేర్చి శుద్ధిచేయు కేంద్రమును పనిచేయ మొదలిడెను.

ఐనను కథ ముగియలేదు. 2007వ సంవత్సరమున స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు పటాన్‌చెరువులోని ఆ శుద్ధికేంద్రము విడుచు నీటిని పరీక్షించిన ఫలితములను ప్రకటించిరి. ఆ నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు కనబడెను. ఇది జబ్బు కలిగించు సూక్ష్మజీవులను చంపు మందు. దానిని మ్రింగిన రోగి రక్తములో నుండు పరిమాణముకంటెను ఇది అధికము. మందు నీటిలో నిత్యమును కలియుచుండిన ప్రమాదమేమి? అచ్చటి సూక్ష్మజీవులు క్రమముగా ఆ మందునకు అలవాటుపడును. అలవాటుపడిన జీవి మనుష్యునకు సోకినచో, ఆ మందు ఇక పనిచేయదు. రోగమును మాన్పుటకు చేసిన వస్తువు రోగమునకు కవచమగును. శుద్ధిచేసిన నీరే ఇట్లున్నదను సంగతి ప్రపంచమున అనేకుల కన్నులు తెరిపించినది.

ఇట్టి విషమును జమ్ముమడి మాన్పలేదు, చిల్లగింజ మాన్పలేదు, పసుపుకాగితము దానిని గుర్తింపనైన లేదు. ఇచ్చట చవుక సాధనముల హద్దు తెలియవలెను. ఇంటి మురుగునకు మొక్కలమడి మందు. బురదకు గింజ మందు. విషమునకు మాత్రము మందు ఒకటే—అది నీటిలో చేరకుండ పుట్టినచోటనే ఆపుట. ఆ పని కర్మాగారపు యజమానిది. చేయించుట ప్రభుత్వము పని. అట్లని సామాన్యుని పరీక్షలు వ్యర్థములు కావు. చేపలు చచ్చిన తేదీని, నీరు రంగు మారిన గంటను ఎవరో ఒకరు వ్రాసి యుంచిననే అధికారులకు చెప్పుటకు ఆధారముండును. కన్నులు హెచ్చరించును, ప్రయోగశాల నిరూపించును, చట్టము శిక్షించును. మొదటి మెట్టు లేక మూడవ మెట్టు లేదు.

నక్కవాగు కథ విని మద్నూరువారు ఎగువవారిపై నిందమోపి ఊరకుండవచ్చునా? ప్రత్తిచేలను చూచినచో ఉండరాదని తెలియును. ప్రత్తికి పురుగులు మెండు. వానిని చంపుటకు రైతులు మందులు పలుమార్లు చల్లుదురు. చల్లినదంతయు పురుగును చేరదు. కొంత నేలపై బడును. వాన వచ్చినపుడు అది వాగులోనికి దిగును. అప్పుడు మద్నూరే ఎగువ ఊరగును. కందకుర్తివైపు వారు దిగువవారగుదురు.

పుట్టినచోటనే విషమునాపుట రైతునకు అసాధ్యము కాదని చూపిన ఊరు తెలంగాణములోనే కలదు. ఒకప్పటి ఖమ్మము జిల్లాలో, పాల్వంచకు సమీపమున, పునుకుల అను పల్లె కలదు. అచ్చటివారును ప్రత్తి పండించువారే. పురుగుమందుల అప్పులతోను, మందుల వలని అనారోగ్యముతోను వారు విసిగిపోయిరి. స్వచ్ఛంద సంస్థల సలహాతో 2000 తరువాతి తొలి సంవత్సరములలో ఊరివారు క్రమముగా రసాయనపు మందులను మానివేసిరి. మొదట ఒకరిద్దరు మానిరి. వారి పంట నిలుచుట చూచి ఇరుగుపొరుగువారు మానిరి. తుదకు ఊరంతయు ఆ త్రోవ త్రొక్కెను. వారి సాధనములు తెలియనివి కావు. వేపగింజల కషాయము, పచ్చిమిర్చి వెల్లుల్లి ద్రావణము, పేడ మూత్రముల ద్రావణము, పురుగులను ఏరి తిను పక్షులకు వ్రాలుటకు చేనిలో నాటిన కొమ్మలు, పురుగును తనవైపు లాగుకొను ఆముదము, బంతి—ఇవియే వారి ఆయుధములు.

వేపగింజల కషాయమును చేయుట సులభము. ఐదు కిలోల ఎండిన గింజలను పొడిచేసి, పొడిని గుడ్డలో మూటకట్టి, పది లీటర్ల నీటిలో రాత్రియంతయు నానవేసి, ఉదయమున పిండి వడకట్టి, నూరు లీటర్లగునట్లు నీరు చేర్చవలెను. కొంచెము సబ్బునీరు కలిపినచో అది ఆకులకు చక్కగా అంటుకొనును. ఇది పురుగును వెంటనే చంపదు. దాని ఆకలిని చెరుచును, ఎదుగుదలను ఆపును. ఎండలో త్వరగా విరిగిపోవును గనుక నీటిలో చిరకాలము నిలువదు. చేనికిని వాగునకును నడుమ కొన్ని గజముల మేర గడ్డిని, పొదలను కోయక విడిచిన యెడల వాననీటి వడి తగ్గి, మన్నును మందును చాలవరకు అచ్చటనే ఆగును. ఈ గడ్డిపట్టెకు ఖర్చు లేదు. కావలసినదెల్ల వాగు అంచువరకు నాగలిని తోలవలెనను ఆశను అణచుకొనుటయే.

ఇప్పుడు మద్నూరు బాలుడొకడు నోటుపుస్తకముతో వాగు గట్టున నిలిచెననుకొందము. అతడు ఎగువకు చూచినపుడు అడుగవలసిన ప్రశ్న ఒకటి: పైవారు నాకేమి పంపుచున్నారు? అతని పుస్తకములోని లెక్కలు దానికి సమాధానము చెప్పును. దిగువకు చూచినపుడు అడుగవలసిన ప్రశ్న మరియొకటి: నా ఊరు క్రిందివారికేమి పంపుచున్నది? ఊరి మురుగుకాలువ కొనను జమ్ముమడి యున్నదా, చేని అంచున గడ్డిపట్టె యున్నదా అనునది దానికి సమాధానము చెప్పును. మొదటి ప్రశ్నను అడుగువారు పెక్కుమంది. రెండవ ప్రశ్నను అడుగువారు అరుదు. రెండును అడిగినవానికే మొదటిదానిని బిగ్గరగా అడుగు హక్కు కలుగును.

చిల్లగింజకు సంస్కృతమున కతకమని పేరు. కతకమను పేరును పలికినంతమాత్రమున నీరు తేరదని పూర్వులు ఒక ఉపమానము చెప్పుచుండిరి. గింజను చేతబట్టి కుండలో అరగదీసిననే గాని బురద దిగదు. మంజీర విషయమునను అంతే. పరిశుభ్రతను గూర్చి వ్యాసములు చదివిన మాత్రమున ఏరు తేరదు. ఎగువ ఊరొకటి తన కాలువకు మడి కట్టిన దినమున, దిగువ ఊరి కుండలో నీరు కొంత తేరును. ఆ దిగువ ఊరును తన దిగువవారి కొరకు అట్లే చేసిన దినమున, కందకుర్తి సంగమమున గోదావరికి మంజీర తెచ్చు కానుక మరికొంత నిర్మలమగును.